లైన్ క్లియర్ నూకరాజు

మా నూకరాజు బాబాయి లైన్ క్లియర్ లేనిదే రూపాయి బయటికి తీయడు. దీన్ని పిసినారితనం అనుకున్నవాళ్ళు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో చాలామందే ఉన్నారు. కాదు. పిసినారికి డబ్బంటే ప్రేమ. బాబాయికి డబ్బు మీద ప్రేమా లేదు, పగా లేదు. ఆయన లెక్కలో డబ్బంటే గూడ్సు బండి. ఇష్టమొచ్చినట్టు వదిలితే గుద్దుకుంటుంది, పద్ధతిగా వదిలితే చేరవలసిన చోటికి చేరుతుంది, అంతే.

ఆ పద్ధతి అర్థం కావాలంటే ముందు ఆయన ఉద్యోగం గురించి చెప్పాలి. ఊరికి కాస్త దూరంలో సింగిల్ లైను మీదున్న చిన్న స్టేషన్లో ఆయన పాయింట్స్‌మన్. స్టేషన్ మాస్టరు ఇచ్చిన టోకెన్‌ని బెత్తపు రింగుకి వేలాడే తోలుసంచిలో పెట్టి, ఆగకుండా పోయే ఇంజను డ్రైవరు చేతికి అందిస్తాడు. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి లైన్ క్లియర్, తర్వాతి స్టేషను దాకా ఆ సెక్షన్ పట్టాలు వాళ్ళవి. అది తిరిగొచ్చేదాకా రెండో బండి అటు అడుగుపెట్టకూడదు. తన సర్వీసులో ఏ రెండు బళ్ళూ ఎదురుపడలేదని బాబాయికి గొప్ప గర్వం. ఆ గర్వాన్ని ఆయన ఇంటికి కూడా మోసుకొచ్చాడు.

క్వార్టర్ గుమ్మం పక్కన ఒక మేకు. మేకుకి పాత బెత్తపు రింగు. రింగుకి సంచి, సంచిలో తాళంచెవి. ఆ చెవి వంటింటి అటక మీదున్న బిస్కెట్ డబ్బా తాళానిది. జీతమంతా ఆ డబ్బాలోనే. ఇంట్లో ఎవరికి డబ్బు కావాలన్నా ఎవర్నీ అడగక్కర్లేదు. రింగు తీసుకోవాలి, డబ్బా తెరిచి కావలసింది పట్టుకోవాలి, రింగు భుజాన తగిలించుకుని వెళ్ళి పని చూసుకురావాలి. రింగు మేకు మీద లేకపోతే మాత్రం మిగతావాళ్ళు పైసా ముట్టుకోకూడదు. పైగా రింగుతో వెళ్ళినవాళ్ళని ఎక్కడికి, ఎందుకు, ఎంత అని అడగనేకూడదు.

"సెక్షన్లోకెల్లిపోయిన డ్రైవర్ని ఎనకనుంచి ఎవడైనా కేకేస్తాడేటి?" అనేవాడు బాబాయి.

నీలవేణి పిన్ని ఒకసారి కొత్తిమీరకని రింగు వేసుకెళ్ళి, రిక్షాలో ఇంత పొడుగు పెడస్టల్ ఫ్యానుతో దిగింది. బాబాయి ఆ ఫ్యాను చుట్టూ ప్రదక్షిణం చేశాడు. రెక్కలు తడిమాడు. ఎదురుగా కూర్చుని గాలి బాగుందన్నాడు. ధర నాలిక చివరిదాకా వచ్చినట్టుంది, మంచినీళ్ళతో మింగేశాడు. కొత్తిమీర ఏదని మాత్రం అడిగాడు. అదీ రూలుకి విరుద్ధమేనని పిన్ని గుర్తుచేసింది.

గోల్ బజార్లో ఈ రింగు తెలియని దుకాణం లేదు. పిన్ని చీర మీద చెయ్యి వేస్తే చాలు, సేఠ్ ముందు ఆవిడ భుజం వంక చూసి, "భాభీజీ, టోకెన్ లాయీ హో?" అని, తెచ్చారా లేదా అడిగేవాడు. రింగు కనిపిస్తేనే మంచి మడతలు విప్పేవాడు.

ఇలాంటి మనిషి, కణతల దగ్గర జుట్టు తెల్లబడ్డాక, బి.కాం.లో చేరాడు. ఎనభై ఎనిమిదిలో, సరిగ్గా మా క్లాసులో. నేను వాళ్ళ పక్క క్వార్టర్ దిలీప్‌ని, ఆయన కంటే సగం వయసు వాణ్ని. రాత్రి డ్యూటీ దిగి, సైకిలు మీద నేరుగా కాలేజీకి వచ్చి, నా పక్కన కూర్చునేవాడు. ఈ వయసులో ఎందుకు బాబాయీ అంటే, డబ్బు గురించి తనకి తెలిసింది పుస్తకాలవాళ్ళకి తెలుసో లేదో చూద్దామని అన్నాడు. మొదటి నెల్లోనే తెలీదని తేల్చాడు. లోటు బడ్జెట్ పాఠం చెబుతుంటే లేచి నిలబడి, ఒకే పట్టా మీదికి ఇన్ని శాఖల్ని ఒక్కసారి వదిలితే గుద్దుకోక ఏమవుతుంది సార్ అన్నాడు. మేష్టారు కాసేపు ఆలోచించి, ఆ పూటకి పాఠం ఆపేశారు.

స్టూడెంట్ కాబట్టి స్టూడెంట్ కన్సెషన్ తన హక్కని ఆయన నమ్మకం. బస్సులో అడిగాడు. సినిమా హాల్లో అడిగాడు. మంగలి దగ్గర కూడా అడిగితే, ఉన్న ఆ కాస్త జుట్టుకి కత్తెర తీయడమే పెద్ద కన్సెషన్ అన్నాడు మంగలి.

క్యాంటీన్లో మాత్రం ఆయన పరిస్థితి మరీ అన్యాయం. మేం సమోసాలు చెప్పుకుంటుంటే ఖాళీ చేతులతో కూర్చుని, "ఈవేళ లైన్ క్లియర్ లేదు. మీ పిన్ని సెక్షన్లో ఉంది," అనేవాడు. మా ప్లేట్లలోంచి తలో ముక్కా పెట్టేవాళ్ళం. తన వంతు వచ్చిన రోజు ఆ రింగు భుజాన వేసుకుని పెళ్ళికొడుకులా వచ్చి క్యాంటీన్లో ఉన్నవాళ్ళందరికీ సమోసాలు చెప్పేవాడు. ముక్కుమొహం తెలియని లా స్టూడెంట్లు కూడా తినిపోయేవాళ్ళు.

ఆ ఇంట్లో రింగు జోలికి పోని మనిషి ఒక్కరే. బాబాయి అక్క, ఆయన అప్ప అని పిలిచే చిన్నతల్లి అత్త. బొబ్బిలిలో సొంతంగా ఇడ్లీ కొట్టు నడిపి, పదిమందికి చేత్తో ఇచ్చిన మనిషి. భర్త పోయాక కొట్టూ పోయి, తమ్ముడి ఇంటికి వచ్చింది. ఇల్లంతా అద్దంలా తుడిచేది. చెప్పుకి పిన్నీసు పెట్టుకుని నడిచేది. ఏమైనా కావాలా అత్తా అంటే, "నాకేటి కావాలి బాబూ," అని నవ్వేసేది. రింగు మీద దుమ్ము దులిపేది గానీ చెయ్యి మాత్రం వేసేది కాదు.

ఫైనల్ ఇయర్ పరీక్ష ఫీజుకి ఆఖరి రోజు. సాయంత్రం కౌంటరు మూశాక ఇక తీసుకునేది లేదని ఆఫీసులో గట్టిగా చెప్పారు. నేను ముందే కట్టేశాను, నెలాఖరు కావడంతో ఖాళీ జేబుతో ఉన్నాను. బాబాయి డ్యూటీ దిగి మధ్యాహ్నం వచ్చాడు. ఫీజు డబ్బాలో భద్రంగా ఉంది. ఇద్దరం గుమ్మం దాకా వచ్చి చూస్తే మేకు మీద రింగు లేదు.

పిన్నేమో ఇంట్లోనే బియ్యం ఏరుతోంది.

"వదినగారు పట్టుకెల్లింది. ఎక్కడికో నాకూ తెల్దు," అంది.

బాబాయి అరుగు మీద కూర్చున్నాడు. కాసేపు చూశాం. ఎండ వాలింది. నాకు కాళ్ళు నిలవడం లేదు. బొటనవేలంత తాళం, బద్దలుకొట్టేయమని పిన్ని సుత్తి తెచ్చిచ్చింది. ఆయన సుత్తిని పక్కన పెట్టాడు. ఎవరినైనా చేబదులు అడుగుదామన్నాను. టోకెన్ లేకుండా ఊరి డబ్బూ కదలకూడదన్నాడు. ఇక ఇది పద్ధతి కాదు, పిచ్చేనని నిశ్చయించుకుని, గోల్ బజార్ వెళ్ళి అత్తని వెతుక్కొస్తానని సైకిలు తీశాను.

బాబాయి లేచి వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"వద్దురా దిలీపూ. నువ్వెల్లి ఎదురుగా నిలబడితే, తప్పు సేసినట్టు పరిగెట్టుకొస్తాది. మరి జన్మలో ఆ రింగు ముట్టదు."

"సంవత్సరం పోతుంది బాబాయీ."

"పోతే మళ్ళీ వస్తాది. అప్ప వచ్చిన కొత్తలో ఒక సబ్బు కావాలని మీ పిన్నినడగలేక రెండ్రోజులు గుమ్మం దగ్గర తచ్చాడింది. సూసేను. సేతిలో పెడితే తీసుకునే మనిషి కాదు. అందుకే ఈ ఇంట్లో ఎవులూ ఎవుల్నీ అడగక్కర్లేకుండా ఆ మేకు కొట్టేను. నాతో సహా అందరికీ ఒకటే రూలు పెట్టేను. ఇన్నాళ్ళకి ఈవేళ, మొట్టమొదటిసారి, నా అప్ప ఆ రింగు తీసింది. ఇప్పుడు నేను తాళం బద్దలుకొడితే అది ఉత్త బెత్తమని తెలిసిపోదేటి?"

సైకిలు గోడకి ఆనించేశాను. ఆ మనిషి మీద అప్పుడు నాకు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు. ఇన్నేళ్ళూ ఆ రూలు మొగుడి వెర్రి అనుకున్న పిన్ని, సుత్తి తీసుకుని లోపలికి వెళ్ళి, ముగ్గురికీ టీ పెట్టుకొచ్చింది. కాలేజీ కౌంటరు మూసే వేళ మేం అరుగు మీద కూర్చుని ఆ టీ తాగాం. ఫీజు గడువు పోగొట్టుకున్నవాడిలా లేడు బాబాయి. ఫస్టుక్లాసు వచ్చినవాడిలా ఉన్నాడు.

దీపాలు పెట్టే వేళకి అత్త వచ్చింది. భుజాన రింగు, కాళ్ళకి కొత్త చెప్పులు, నోరంతా పాన్ ఎరుపు. రింగు మేకుకి తగిలించి, చీపురు సర్ది, కుండ మూత సర్ది, మళ్ళీ మా ముందుకొచ్చి నిలబడింది. మేం రూలు ప్రకారం ఆకాశం చూస్తున్నాం.

"ఎవులూ అడగరేటి?" అంది చివరికి.

"అడక్కూడదప్పా. రూలు ఒప్పదు," అన్నాడు బాబాయి.

"అడక్కండి. నేనే సెప్తాను," అని అత్త అరుగు మీద బాసింపట్టు వేసుకుని, మ్యాట్నీ సినిమా కథ మొదటి నుంచి, పాటలతో సహా చెప్పింది. ఇంటర్వెల్లో తిన్న చాట్ గురించి విడిగా చెప్పింది. హిందీ సరిగా రాకపోవడం వల్ల ఆమె చెప్పిన కథలో హీరోయిన్ ఎవర్ని పెళ్ళి చేసుకుందో తేలలేదు. బాబాయి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా, కళ్ళు తుడుచుకుంటూ, పొట్ట పట్టుకుని నవ్వుతూ విన్నాడు.

మర్నాడు ప్రిన్సిపాల్ దగ్గరికి అర్జీ పట్టుకుని వెళ్ళాం. రింగు బాబాయి భుజానే ఉంది. ఆలస్యానికి కారణం ఏమిటని ఆయన కోపంగా అడిగారు.

"క్రాసింగ్ సార్. ఎదురుగా బండొచ్చింది. లూప్ లైన్లో ఆగేను," అన్నాడు బాబాయి హిందీలో.

ఎదురు బండికి దారిచ్చి పక్క పట్టా మీద ఆగాడన్న ఆ మాటకి బిలాస్‌పూర్లో అర్థం చెప్పక్కర్లేదు. ప్రిన్సిపాల్ కలం తీస్తూ, "కౌన్‌సీ గాడీ థీ?" అని, అది ఏ బండో అడిగారు.

"దీదీ స్పెషల్, సార్. పహలీ బార్ చలీ." అక్కగారి స్పెషల్, మొదటిసారి నడిచిందట.

ఆయన నవ్వాపుకుని, లేట్ ఫీజుతో తీసుకోమని సంతకం పెట్టారు. మంగలి దగ్గర కూడా కన్సెషన్ అడిగే మనిషి, ఆ లేట్ ఫీజు మాత్రం బేరమాడకుండా కట్టాడు.

పరీక్షలో సెకండ్ క్లాసు వచ్చింది. కానీ ఆ సాయంత్రం తర్వాత, పరీక్షల దాకా, ఆయన రింగుతో క్యాంటీన్‌కి వచ్చిన రోజు ఒక్కటీ నాకు గుర్తులేదు. ఎప్పుడు అడిగినా అప్ప సెక్షన్లో ఉందనేవాడు, మహా గర్వంగా, మా ప్లేట్లలోంచి సమోసా ముక్క అందుకుంటూ.