పంతులమ్మ కల్లుముంత

ఆ రోజుల్లో మా గోదావరి పల్లెల్లోకి మంచి వచ్చినా చెడు వచ్చినా కాలువలో పడవెక్కే వచ్చేది. ఉప్పు, కిరసనాయిలు, కొత్త పెళ్లికూతురు, కలరా మందు, దొరసానిగారు, అన్నీ ఆ రేవులోనే దిగేవి. నేనూ అక్కడే దిగాను, చేతిలో ఓ ట్రంకు పెట్టె, బుర్రనిండా చదువు పెట్టుకుని. రాజమండ్రి మిషను బోర్డింగులో పెరిగిన పిల్లని కాబట్టి దొరసానులు మాట్లాడేదే అసలైన తెలుగు అనుకునేదాన్ని. "వచ్చితిరా, కూర్చుండుడి" అనకపోతే దేవుడికి అర్థం కాదేమోనని నా భయం. కొవ్వూరుకి దిగువన కాలువగట్టు మీద ఓ పల్లెలో మిషను బడి పంతులుగారికి నన్నిచ్చి పెళ్లి చేశారు. మా వారు మగపిల్లలకి చదువు చెప్పాలి, నేను ఆదివారం నాడు ఆడవాళ్లని పోగుచేసి బైబిలు వాక్యం చెప్పాలి. లోకాన్ని మార్చెయ్యడానికి పద్దెనిమిదేళ్ల వయసు చాలునని అప్పట్లో నాకు గట్టి నమ్మకం (ఇప్పుడు ఇంట్లో పొయ్యి చోటు మార్చాలన్నా కోడల్ని బతిమాలుకోవాలి).

మొదటి ఆదివారం కొత్త కోడల్ని చూద్దామని చాలామందే వచ్చారు. వాళ్లందరికీ పెద్ద మా పక్కింటి గంప పిన్ని. చేపల గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగే మనిషి. ఆవిడ ఔనంటే పల్లెలో ఆడవాళ్లందరికీ ఔను, కాదంటే కాదు. నేను అరుగు మీద నిలబడి, చేతులు కట్టుకుని, ఒకామె పుల్లని పిండి కాస్త తీసుకుని పెద్ద పిండిముద్దలో దాచిపెడితే ముద్దంతా పొంగిందనీ, దేవుడి రాజ్యం అలాంటిదనీ, ఊపిరి తీసుకోకుండా బోర్డింగు తెలుగులో అప్పజెప్పాను. గంప పిన్ని చివరిదాకా విని, లేచొచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఒంట్లో బాగానే ఉందా అమ్మా? పూనకం వచ్చినట్టు మాట్టాడతన్నావు."

"బాగానే ఉంది పిన్నీ."

"మరైతే మా ఇళ్లల్లో పిండి పులిసిపోతే పారబోస్తాం. అది దేవుడి రాజ్యం ఎలాగవుద్దమ్మా?"

చెప్పిందే ఇంకాస్త గట్టిగా చెప్పాను. మరుసటి ఆదివారం మళ్లీ అదే ఉపమానం చెబితే వినడానికి మా అత్తగారు ఒక్కరే మిగిలారు. ఆవిడ కూడా గోడకి జేరబడి గురక పెడుతున్నారు. సరిగ్గా ఆ సమయానికే రేవులో, మా మిషను బళ్లన్నీ చూసుకునే దొరసానిగారి పడవ ఆగింది.

పొడుగాటి మనిషి, తెల్ల గౌను, తెల్ల గొడుగు. ఖాళీ అరుగునీ, అత్తగారి గురకనీ, నన్నూ వరసగా చూశారు. కోపగించుకోలేదు, అదే నాకు మరీ భయం వేసింది. "అమ్మాయీ, వచ్చే ఆదివారము మరల వచ్చెదను. ఇదే ఉపమానమును నీవు చెప్పగా వినెదను. స్త్రీలు రానియెడల ఈ బడి మూయబడును. నీవు బోర్డింగునకు వచ్చి పిల్లలకు అన్నము వండవలెను" అని చెప్పి పడవెక్కేశారు. వంట తప్పని కాదు. కానీ మా వారు ఇక్కడా నేను అక్కడా అయిపోతాం. పైగా ఊళ్లో నన్ను అందరూ పంతులమ్మా అని పిలుస్తున్నారు. ఆ పిలుపు నాకు తాటిబెల్లం కంటే తియ్యగా ఉండేది. దాన్ని వదులుకోవాలంటే ప్రాణం ఒప్పలేదు. వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

"ఏడిస్తే కళ్లు పొంగుతాయి గానీ పిండి పొంగదు" అన్నారు అత్తగారు, చేపలు తోముతూ. "అసలా పొంగే పిండి నువ్వు కళ్లారా చూశావా, లేక అదీ చదివిందేనా?"

చూశాను. బోర్డింగు పక్కనే దొరసానిగారి బంగళా. అక్కడ బట్లరు తాత వారానికోసారి గోధుమపిండితో ఎత్తుగా, దూదిలాంటి రొట్టె చేసేవాడు. పిండి మీద తడిగుడ్డ కప్పి పక్కనే కళ్లు మూసుకుని కూర్చునేవాడు. అది ప్రార్థనకి పొంగుతుందని చిన్నపిల్లలం నమ్మేవాళ్లం (తాత కునుకు తీసేవాడని తర్వాత తెలిసింది). కాస్త పెద్దయ్యాక అసలు సంగతి కూడా తెలిసింది. తెల్లారగట్ల వంటింటి వెనక గుమ్మం దగ్గరికి ఓ ముంత వచ్చేది. పిండిని లేపేది ఆ ముంతలోని తాజా తాటికల్లు.

ఇక్కడే వచ్చింది చిక్కు. కల్లు ముట్టినవాడికి మా సంఘంలో ప్రభువు బల్ల దగ్గర, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచేచోట, చోటు లేదు. అంతకు ముందు నెలే మా వారు సంఘంలో అందర్నీ లేపి నిలబెట్టి కల్లు ముట్టమని ఒట్టు వేయించారు. అలాంటి పంతులుగారి భార్య ముంత పట్టుకుని తాటితోపుకి వెళ్లడమంటే ఏనుగెక్కి సందులో దాక్కోవడమే. అయినా ఆ వారమంతా అత్తగారూ నేనూ రాజమండ్రి పడవ మీద తెప్పించిన గోధుమలు తిరగలిలో విసిరి, పలచటి గుడ్డలో జల్లించి సిద్ధం చేశాం. ఆదివారం తెల్లవారుతూండగా పైట కింద ముంత పెట్టుకుని బయలుదేరాను.

చెట్టు దిగుతున్నాడు కల్లుగీసే మోకు బాబాయి. నడుముకి మోకు, వెనక కుండ. మా వారి ఒట్లతో సగం బేరం పోయిన మనిషి.

"ఏంటమ్మా పంతులమ్మా, ఇలాగొచ్చేవు?"

"కాస్త తాజా కల్లు కావాలి బాబాయ్. రొట్టెలోకి."

ఆయన ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, చాలా మర్యాదగా తలూపాడు. "ఆయ్. అందరూ దేంట్లోకో దాంట్లోకే అంటారమ్మా. ఒకడు గొడ్డుకంటాడు, ఒకడు పంటినొప్పికంటాడు. రొట్టెలోకని ఇప్పుడే వింటన్నాను. తీసుకెళ్లు. నీకు మంచి చెట్టుది పోస్తాను."

నేను ఇల్లు చేరేసరికి కబురు నాకంటే ముందే చేరింది. మా వారు గుమ్మంలో నిలబడి, ముంతని చూసి అరుగు మీద చతికిలబడ్డారు. "నా ఉద్యోగం" అన్నారు. కాసేపాగి "నా ఒట్లు" అన్నారు. అత్తగారు మాత్రం ముంత అందుకుని, మరీ పులిసిందో లేదో చూడాలి గదా అని కాస్త నాలిక మీద వేసుకున్నారు. తేలలేదు. మళ్లీ చూశారు. "పరవాలేదు గానీ, ఇంకోసారి చూస్తే నమ్మకంగా ఉంటుంది" అంటూండగా నేను లాక్కుని పిండిలో పోసేశాను (ఆవిడ కూడా ఒట్టేసుకున్నవారే, కానీ వంటకి సంబంధించినది ఒట్టులోకి రాదని ఆవిడ వాదన).

పిండి పిసికి, పెద్ద కుండలో పెట్టి, తడిగుడ్డ కప్పి అరుగు మీద నీరెండలో ఉంచానో లేదో, గట్టు మీద జనం మొదలయ్యారు. పంతులమ్మ తాగి ఎలా ఉంటుందో చూద్దామని పల్లెలో ఆడవాళ్లంతా చంకల్లో పిల్లలతో వచ్చేశారు. ముందు గంప పిన్ని. నా మొహం దగ్గరికొచ్చి వాసన చూసింది. "ఏం లేదే" అంది, కాస్త నిరాశగానే. ఏం చేశానో చెబితే ఎవరూ నమ్మలేదు. "అయితే చూసే ఎల్తాం, మిషనోళ్లింట్లో తినం గానీ" అని అరుగు చుట్టూ కూర్చున్నారు. ఎంత బతిమాలినా రాని సభ, ఒక్క ముంతతో నిండిపోయింది.

పిండి తీరిగ్గా లేస్తుంది, జనానికి తీరిక తక్కువ. కదిలిపోతారేమోనని భయపడి కబుర్లలో పడ్డాను. అప్పుడే నాకు తెలియకుండానే బోర్డింగు తెలుగు నోట్లోంచి జారిపోయింది. "అది కాదు పిన్నీ, ఒకావిడుందనుకో. మనలాంటిదే. ఇంటినిండా జనం, పిండి చాలానే ఉంది. పులిసింది ఇంతే వేసింది, గుడ్డ కప్పేసింది. లోపలేం జరుగుతోందో ఆవిడకీ తెలీదు. గుడ్డ తీసి గుచ్చి గుచ్చి చూస్తే చెడుద్ది. నమ్మి ఊరుకోవాలి. దేవుడు మనలో చేసే పనీ అంతేనట" అన్నాను. ఎవరూ నవ్వలేదు, ఎవరూ లేవలేదు. ఒకామె బిడ్డకి పాలు పట్టడం కూడా మరిచిపోయి వింటోంది. ఇంతలో గుడ్డ నడుమ కాస్త ఎత్తుగా లేచింది. ఇంకాస్త లేచింది. "పొంగేత్తందే" అని గంప పిన్ని మోకాళ్ల మీద లేచి నిలబడింది. అందరూ లేచారు. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేశాను. ఆనందమంటే అదే మరి, ఇంకో పేరు లేదు. తల తిప్పి చూస్తే జనం వెనకాల తెల్ల గొడుగు.

ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో తెలియదు. ఎవరూ జరిగి దారి కూడా ఇవ్వలేదు. దొరసానిగారు తానే ఓ మూల కూర్చున్నారు. దిబ్బరొట్టె కాల్చినట్టే ఇత్తడి గిన్నెలో పిండి పెట్టి, కిందా పైనా నిప్పులు వేసి కాల్చాను. మూత తీస్తే అరుగంతా ఘుమఘుమ. మొదటి ముక్క దొరసానిగారికే ఇచ్చాను. కొరికి, కళ్లు పెద్దవి చేసి, "ఇది మా బంగళా రొట్టె కంటె శ్రేష్ఠముగా నున్నది. దీనిని దేనితో పొంగించితివి?" అని అడిగారు.

అరుగు మీద పిల్లలు కూడా ఏడుపు ఆపేశారు. స్తంభం చాటునుంచి మా వారు వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నారు. అత్తగారు నా వీపు మీద పొడిచి "పాత పిండని చెప్పు" అని గుసగుసలాడారు. నిజం చెబితే బోర్డింగు వంటిల్లే గతి, నాకు తెలుసు. కానీ అప్పుడే గదా ఇంతమంది మొహాలు చూస్తూ దేవుడి రాజ్యం గురించి చెప్పాను. అబద్ధంతో పొంగిందని ఎలా అనను?

"కల్లుతోనండి" అన్నాను.

దొరసానిగారి దవడ ఆగిపోయింది. ముక్క నోట్లోనే ఉంది. చాలాసేపటికి మింగారు. "మరి మా బట్లరు..."

"ఆయనా అంతేనండి. పొద్దున్నే వెనక గుమ్మం దగ్గరికి ముంత వస్తుందండి. బోర్డింగు పిల్లలందరికీ తెలుసండి."

"అందరికిని తెలియునా?"

"ఆయ్. మీకూ దొరగారికీ తప్ప."

గంప పిన్ని ఎంతో జాలిగా అంది: "అయితే దొరసానిగారండీ, ఇన్నేళ్లబట్టీ మీరు మాకంటే ఎక్కువే పుచ్చుకున్నారన్నమాటండి."

దొరసానిగారి భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నారనుకుని హడలిపోయాను. నవ్వుతున్నారు. కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, రుమాలుతో తుడుచుకుని, చెయ్యి చాపి ఇంకో ముక్క తీసుకున్నారు. "నిప్పులలోనుండి వచ్చిన తరువాత ఇది కల్లు కాదు. ఇది రొట్టె" అన్నారు, ఆ ముక్కని అందరికీ కనబడేలా పట్టుకుని.

గంప పిన్ని కాస్త ముందుకు జరిగింది. వచ్చినప్పుడే "తినం" అని చెప్పేసిన మనిషి. పొద్దున్నించి సాయంత్రం దాకా గంప మోసి, కాస్త కల్లు పుచ్చుకుంటే గానీ నడుం వాల్చలేని మనిషి కూడా. "అయితే మాలాంటోళ్లక్కూడా చోటుందన్నమాటే" అని మెల్లగా అని, నా వైపు చెయ్యి చాపింది. ఆ చేతిలో రొట్టె పెట్టాను. ఆవిడ వెనక మిగతా చేతులన్నీ లేచాయి. నాకైతే ముక్క కూడా మిగల్లేదు.

బడి మూయబడలేదు. ఆడవాళ్లకి అరుగు చాలక చింతచెట్టు కిందికి మార్చాం. దొరసానిగారి పడవ వచ్చినప్పుడల్లా గోధుమపిండి సంచీ ఒకటి దిగేది. ఆవిడ గట్టు దిగుతూనే మా వారికి వినబడకుండా "ముంత కడిగి యుంచితివా?" అని అడిగేవారు. మోకు బాబాయి మాత్రం ఊరంతా చెప్పుకు తిరిగాడు, దేవుడి పనికి కల్లు పోసింది తానేనని. అతన్ని కాదనే ధైర్యం మా సంఘంలో ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడు నేను కూడా పెద్ద సభల్లో మాట్లాడుతున్నాను. ఎక్కడ ఏం చెబితే ఎవరు నొచ్చుకుంటారో తెలుసు, ఎక్కడ ఆగాలో తెలుసు. పిలిచినవాళ్లు మెచ్చుకుంటారు, శాలువా కప్పుతారు. ఇంటికొచ్చి శాలువా మడతపెడుతుంటే, ముక్కు మీద పిండితో "కల్లుతోనండి" అన్న ఆ పిల్ల గుర్తొస్తుంది. ఆ తర్వాత ఇన్ని సభలు చేశాను గానీ, అంతటి వాక్యం మళ్లీ చెప్పలేకపోయాను.