కాకినాడ పిల్ల చేప, నా కుళ్ళు

ఆ రోజుల్లో నాకు ఆకలి కంటే అసూయే ఎక్కువ వేసేది. శంషాబాద్ దగ్గర ఒక ప్రయోగశాలలో కొత్తగా చేరాను. రక్తానికి తల్లికణాలు మొట్టమొదట ఎక్కడ పుడతాయో చూడడమే మా పని. ఎముకల్లోని మూలుగలో అనుకుంటాం కదా (నేనూ పరీక్షలో అదే రాసి మార్కులు కొట్టేశాను), కానీ పిండంలో అవి వెన్ను వెంట సాగే పెద్ద రక్తనాళం గోడలోంచి పుట్టుకొస్తాయి. మూలుగకు చేరేది ఆ తర్వాతే. చేప పిండం అద్దంలా లోపలంతా కనిపిస్తుంది కాబట్టి, కణం గోడ విడిచే ఘడియను అందులో కెమెరాతో పట్టాలి. ఎవరి వీడియో బాగుంటే వాళ్ళని విమానంలో ఢిల్లీ సభకు పంపుతానన్నారు మా సారు. విమానాశ్రయం పక్కనే తొండుపల్లిలో పుట్టి, రోజూ విమానాల పొట్టలు చూస్తూ పెరిగి, ఒక్కసారీ ఎక్కని నాకు ఆ మాటతో నిద్ర పట్టలేదు.

పక్క సీటులో కాకినాడ పిల్ల. ఆమెది మూల బల్ల, కదలదు. నాది కిటికీ పక్కన, విమానం లేచినప్పుడల్లా అదురుతుంది. ఆమె బల్ల మీద, ఆమె చేపల మీద, చివరికి ఆమె 'అండీ' మీద కూడా కుళ్ళుకున్నాను. ఇంట్లో అదే గోల పెడితే అమ్మ, "ఆ పిల్ల చేపలు గుడ్లు పెడితే నీకేంది పరేషాన్? జర బువ్వ తిను" అనేది.

ఒకరోజు ఆ పిల్ల, "కాస్త నా తెర చూస్తుంటారా అండీ, భోంచేసి వస్తాను" అని వెళ్ళింది. చూడమనకపోయినా చూసేదాన్నే. పొద్దుటినుంచి ఉబ్బుతున్న కణం ఒకటి వంగి, మెల్లగా గోడ వదులుతోంది. అదే సమయానికి బొమ్మ మసకబారడం మొదలైంది. ఊరికే కూర్చుంటే చాలు, ఆమె వీడియో పాడవుతుంది, విమానం నాకు మిగులుతుంది. కానీ నా చెయ్యి వెళ్ళి ఫోకస్ మర తిప్పింది. కుళ్ళుకుంటూనే తిప్పాను. ఇటు తిరిగి చూస్తే నా చేప తెరలోంచి ఎప్పుడో జారిపోయింది.

ఢిల్లీకి ఆమే వెళ్ళింది. విమానం సీట్లో కూర్చుని ఫోన్ చేసి, "కదులుతోందండీ, ఎంత బాగుందో" అంది. "మంచిగ పోయి రా" అన్నాను, గొంతులో నిప్పు పెట్టుకుని.

ఇప్పుడు కాలేజీలో పాఠం చెబుతూ ఆ వీడియోనే చూపిస్తాను. "గిది మీరే తీసిన్రా మేడం?" అంటారు పిల్లలు. "కాదు, నా దోస్తు తీసింది" అంటాను, కొంచెం పళ్ళు బిగించి. ఆ మర తిప్పింది నేనేనని ఆమెకు ఇంతవరకు చెప్పలేదు. చెబితే ఎంతో ఆప్యాయంగా "థాంక్సండీ" అంటుంది. ఇగ ఆ తర్వాత కుళ్ళుకోవడానికి నాకేం మిగులుతుంది?