పీట మీద పసుపు పెయింటు

శ్రీరామనవమి నాడు మా ఊరి పందిట్లో సీతారాములను కూర్చోబెట్టేది మా ఇంటి టేకు పీట మీదే. టేకులపల్లి అవతల అడవి అంచు ఊరు మాది. భద్రాచలం పోలేనివాళ్లకు ఆ పందిరే భద్రాద్రి. పీటను పంపడమంటే మా అత్తమ్మకు ఆడబిడ్డను పెండ్లికూతుర్ని చేసి పంపినంత సంబరం.

ఎనభైల్లో ఒక ఏడు, పండుగ ముందురోజు మధ్యాహ్నం, మా ఆయనకో ఆలోచన వచ్చింది. శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు రాసే బదులు పసుపు పెయింటు వేస్తే ఏడాదంతా ఉంటుంది కదా అని డబ్బా తెచ్చి పూసేశారు. డబ్బా లోపలే వదిలి, పెరటి దారిన వాకిట్లోకి పోయి మురిపెంగా చూసుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ చుట్టూ తిరగడం ఎందుకనుకున్నారు. గడప తొక్కకూడదు, పైగా తడి. ఎగిరి దూకారు. గడప దాటారు గాని కాలు డబ్బాకు తగిలింది. పక్కనే అత్తమ్మ తుడిచి ఆరబెట్టిన పీట. పెయింటంతా దాని మీదే!

"ఏందిరా గిది! లంకకు దూకనీకి నువ్వేమన్న హనుమంతునివా?" అని అత్తమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది.

పెయింటు కిరోసిన్‌కు పోతుందని నేను గాసునూనె సీసా పట్టుకుని ఉరికాను. అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"దేవుడు కూసునే పీటకు గాసునూనెనా? రేపు అయ్యగారు వాసన పట్టి గీ పీట వద్దంటే నేనేం గావాలె?"

"మరి ఎట్ల పోతదే అమ్మా?" అన్నారు మా ఆయన.

"నువ్వు గాడనే ఉండు. కదిలితే ఇంకేం ఒలకబోస్తవో."

రామా, కూర్చునేవాడివి నువ్వు, దారి నువ్వే చూపించు అనుకున్నాను. దేవుడి మూలన దీపం కనబడింది. అడవి పల్లెల ఆడవాళ్లు ఇప్పగింజలు ఏరి, నూనె తీసి తెచ్చిచ్చే ఇప్పనూనెతోనే మా ఇంట దీపం.

"దీపానికి పోసేది పీటకు మైల కాదు గదా అత్తమ్మా?"

ఆమె దీపం వంక చూసింది. "అవ్. అది దేవుని నూనెనే. జల్దీ తే."

తుడిస్తే పులుముకుపోతుందని ముందు విస్తరాకు ముక్కలతో పెయింటును ఎత్తేశాను. తర్వాత ఇప్పనూనె పోసి, కాసేపు నాననిచ్చి, పాత పంచె గుడ్డతో చెక్క చారల వెంట మెల్లగా లాగాను. పచ్చిగా ఉంది కాబట్టి గుడ్డకు వచ్చేసింది. అంచున చెక్కిన తామర రేకుల సందుల్లోది మాత్రం రాలేదు. చీపురుపుల్ల తీసుకోబోతే అత్తమ్మ కసిరింది. తనే వేపపుల్ల కొస నలగ్గొట్టి కుంచెలా చేసిచ్చింది. చివరికి కుంకుడు రసంతో కడిగాం. రేకుల లోతుల్లో సన్నటి పసుపు గీత మిగిలే ఉంది. అత్తమ్మ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

తెల్లారి పందిరి నుంచి పీట కోసం వచ్చినామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. రేకుల దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఏందక్కా, ఈసారి రేకులకు పసుపు దిద్దినవా? మంచిగున్నది!"

అత్తమ్మ రెప్ప కూడా వెయ్యలేదు. "అవ్ మరి, పెండ్లి గదా. నా కొడుకే దిద్దిండు."

మా ఆయన నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరుగు. ఆ పూట పందిట్లో తలంబ్రాలు పడుతుంటే సీతారాములకు దండం పెట్టుకున్నాను. ఆ ఇప్పగింజలు ఏరిన చేతులకూ పెట్టుకున్నాను.