పుల్ల విరిస్తే పెండ్లి విరగదన్న వకీలమ్మ

చదివేవాళ్లకు దండాలు. నా రాత కోడి గెలికినట్టుంటుంది. ఊరి బడిలో దిద్దుకున్న అక్షరాలు, తప్పులుంటాయి, మన్నించండి. నాకు మాటలే తక్కువ, రాయడం ఇంకా తక్కువ. కానీ ఈ సంగతి లోపలే పెట్టుకుంటే ఊపిరాడడం లేదు. గద్వాల కోర్టులో మా చిన్న బిడ్డ విడాకుల కేసు చూసిన వకీలమ్మ చనిపోయింది.

ఆమె పోయిన మర్నాడే మా ఆఖరు వాయిదా. నేనూ బిడ్డా పొద్దున్నే మల్దకల్ బస్సులో వచ్చి దిగాము. ఆమె కోసం ఉడకబెట్టిన పల్లికాయ తెచ్చాను. ఆమె గదికి తాళం ఉంది. ఎదురుగా చాయ్ అమ్మే ఆయన చెప్పాడు.

"నీకు తెల్వదా పెద్దాయనా? నిన్న పొద్దుగాల పానం పోయింది. గుండె ఆగిందంట. దవాఖాన దాకా గూడ పోలే."

అంతా విన్నాను. విని కూడా పల్లికాయ సంచి ఆయన చేతికిచ్చి, "వచ్చినంక ఆమెకియ్యి" అన్నాను. ఆయన నా మొహం చూశాడు. నా బిడ్డ సంచి వెనక్కి తీసుకుంది.

అంతకు రెండు రోజుల ముందే ఎస్టీడీ బూత్ నుంచి ఆమెతో మాట్లాడాను. "పొద్దుగాల ఇద్దరు బువ్వ తినిరాండ్రి. ఆకలైన కడుపు దేనికైనా ఊ అంటది" అంది. కోర్టుకు వచ్చే ప్రతివాళ్లకూ ఆమె చెప్పే మొదటి మాట అదే. మేము తినే వచ్చాము. చెప్పిన మనిషి లేదు.

ఆమెను మేము మొదట కలిసిందే అనుకోకుండా. మా అల్లుడు పుణె పనులకు పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పెద్దమందడి దగ్గర వాళ్ల ఊళ్లో పంచాయితీ పెట్టారు. మా ఆచారం ప్రకారం ఒక పుల్ల తెచ్చి, ఒక కొస అల్లుడు, ఒక కొస నేను పట్టుకుని విరిచాము. దాంతో తెగిపోయిందనుకున్నాము. తరువాత కొత్తకోటలో లారీలు బాగుచేసే ఒకాయన మా బిడ్డను చేసుకుంటానన్నాడు. ముహూర్తం కూడా పెట్టుకున్నాము. ఆయనే, ఎందుకైనా మంచిది, ఒక వకీలును అడిగి రమ్మన్నాడు. చిటికెలో పని అనుకుని నేనూ, బిడ్డా, మా బావమరిదీ వెళ్లాము.

"పంచాయితీల పుల్ల ఇరిచినం అమ్మా. అయిపోయింది" అన్నాడు బావమరిది.

ఆమె లేచి మూలనున్న చీపురులోంచి ఒక పుల్ల పీకి నా చేతికిచ్చింది. "ఎట్ల ఇరిచిన్రో జర చూపెట్టు పెద్దాయనా." విరిచి చూపించాను.

"పుల్ల ఇరిగింది. పెండ్లి ఇరిగిందని జడ్జికి ఎవలు చెప్తరు? ఈ పుల్లనే వచ్చి సాక్ష్యం చెప్తదా?"

"మా తాతల కాడికెంచి గిదే పద్ధతమ్మా" అన్నాడు బావమరిది.

"మీ తాతలు కోర్టు మొఖం చూసిన్రా? రేపు ఇంకో పెండ్లయినంక అల్లుడు మర్లొచ్చి, గీమె నా పెండ్లాం అంటే ఏం చేస్తవ్? ఈ పిల్ల మీదనే కేసయితది. మీ ఆచారాన్ని కోర్టు ఒప్పుకోనూవచ్చు, కానీ ఉన్నదని నువ్వే రుజువు చెయ్యాలె. ఏండ్లకేండ్లు పడతది. అల్లుడు గూడ ఒద్దనే అంటుండు గద. ఇద్దరు కలిసి దరఖాస్తు పెట్టున్రి, ఆర్నెల్లల్ల తెగిపోతది. అప్పటిదాంక ముహూర్తం ఆపున్రి."

బావమరిది ముహూర్తం రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తరువాత ఆమె నా వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "పుల్లకు రెండే కొసలు పెద్దాయనా. ఒకటి అల్లుడు పట్టె, ఒకటి నువ్వు పడితివి. నీ బిడ్డది ఏ కొస?"

పంచాయితీ నడుస్తున్నప్పుడు బిడ్డ లోపల వచ్చినవాళ్లకు వంట చేస్తోంది.

"మీరిద్దరు బయట కూసోండ్రి" అని మమ్మల్ని పంపించింది. ఎవరు వచ్చినా ఆమె అలాగే చేసేది. తండ్రి మాట్లాడితే అది తండ్రి కేసవుతుందనేది. గుమ్మం పక్కన కుండ, దాని మీద బోర్లించిన గ్లాసు ఉండేవి. పొద్దున రాగానే ఆ కుండ తానే నింపేది. వేరే ఎవరైనా నింపబోతే ఊరుకునేది కాదు. "నా తాన్కి వచ్చేటోళ్లు ఏడ్చి ఏడ్చి వస్తరు. గొంతెండి ఉంటది" అనేది. ఆ రోజు నేను కూడా తాగాను.

చాలాసేపటికి బిడ్డ బయటికి వచ్చింది. కొత్తకోట సంబంధం గురించి తనను ఎవరూ అడగలేదని వకీలమ్మతో చెప్పిందట, తరువాత వకీలమ్మే నాతో అంది. ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు.

దరఖాస్తు పెట్టాక ఆ ఆర్నెల్లలో వెళ్లినప్పుడల్లా వకీలమ్మ తానే జడ్జిలా కూర్చుని బిడ్డను ప్రశ్నలు అడిగేది. "నన్ను చూడకు పిల్లా. జడ్జి నిన్నడుగుతడు. నేనుంటనో ఉండనో, నీ మాట నీతాన ఉండాలె" అనేది. ఊరికే అందనుకున్నాను.

వాయిదా రోజు ఆమె పోయిందని వకీళ్లంతా పని ఆపి బయటే నిలబడ్డారు. అల్లుడూ బిడ్డా ఇద్దరూ వచ్చి ఉన్నారని జడ్జిగారు లోపలికి పిలిపించారు. మా పక్క నిలబడేవాళ్లు లేరు. వెనక్కి పోదామన్నాను. బిడ్డ వినలేదు.

"ఎవరైనా బలవంతం చేశారా అమ్మా?" అని జడ్జిగారు అడిగారు.

"లేదు సార్. నేనే అడుగుతున్న. ఈ పెండ్లి నాకొద్దు."

పక్కకు చూడలేదు. నా వైపూ చూడలేదు. విడాకులు వచ్చాయి.

కొత్తకోటకు ఏమని చెప్పాలో బిడ్డ ఇంకా అనలేదు. నేను తొందరపెట్టడం లేదు. ఆమే చెబుతుంది.

బయటికి వచ్చాక మళ్లీ ఆ గది దగ్గరికే నడిచాము. ఎందుకో తెలియదు. కుండ ఖాళీగా ఉంది. బిడ్డ దాన్ని చంకనెత్తుకుని కోర్టు నల్లా దగ్గరికి పోయి నింపుకొచ్చింది. తాళం వేసిన తలుపు పక్కన పెట్టి గ్లాసు బోర్లించింది. కుండ చుట్టూ నేల మెల్లగా తడిసింది. ఎవరో కొత్త మనిషి, చంటిపిల్లతో వచ్చిన ఆడమనిషి, తాళాన్ని చూసి, మమ్మల్ని చూసి, ఏమీ అడగకుండా గ్లాసు తీసుకుంది.

నాకు మోకాళ్ల నొప్పులు, మళ్లీ అంత దూరం పోలేను. గద్వాల కోర్టు వైపు పోయేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఆ కుండలో నీళ్లున్నాయో లేవో చూసి తొందరగా నాకొక కార్డు ముక్క రాయండి.