పెదనాన్న జాలిపడ్డ క్యాబేజీ వరస

మా పెదనాన్న ముప్పై ఏళ్లుగా పంటలకి మందు కొడుతున్నాడు. పంపు వీపునెక్కితే చాలు, ఆయన నడకే మారిపోతుంది. మందు పనిచేస్తుందో లేదో ముక్కుతోనే చెప్పేస్తాడు. ఘాటుకి కళ్లు మండాలి, ఆకు మీద తెల్ల మచ్చలు పడాలి. లేకపోతే ఆయన లెక్కలో అది మందే కాదు.

ఆయన కొట్టినంత సమంగా ఎవరూ కొట్టలేరని, అలాంటి మనిషిని ఏరికోరి నా పరిశోధన తోటలో పెట్టించుకున్నాను. నా తెలివికి దండం పెట్టాలి. రెండేళ్లు తిండీ నిద్రా మానేసి నేను చేసింది నానో మందు. మందుని కంటికి కనపడనంత చిన్న రేణువుల్లో పెడితే అవి ఆకుని పట్టుకుని కొద్దికొద్దిగా వదులుతాయి. తక్కువ మందు చాలు, నేలలోకీ నీళ్లలోకీ పెద్దగా పోదు. వాసనుండదు, మచ్చుండదు. పెదనాన్న సీసా మూత తీసి వాసన చూసి, నన్నెవరో మోసం చేశారన్నట్టు జాలిగా చూశాడు.

క్యాబేజీ రెండు వరసలు. ఒకదానికి నా మందు, రెండోదానికి ఉత్త నీళ్లు. తేడా కనపడకపోతే ప్రయోగం మూసేస్తామని మా పరిశోధన కేంద్రం పెద్దసారు ముందే చెప్పేశారు. ఇదంతా పెదనాన్నకి పూసగుచ్చినట్టు చెప్పాను. బుద్ధిగా తలూపాడు.

నెల తర్వాత పెద్దసారు వచ్చారు. రెండు వరసలూ నవనవలాడుతున్నాయి. ఒక్క ఆకుకీ చిల్లు లేదు. ఈ తోటలో అసలు పురుగే లేదు, ఇందులో మీ మందు గొప్పేముందన్నారాయన. ఒక్క పురుగైనా దొరక్కపోతుందా అని నేను ఆకులు తిరగేయడం మొదలుపెట్టాను.

అది చూశాక పెదనాన్న నోరు విప్పాడు. "పురుగు లేకపోవడమేంటి సార్, బోలెడుంది. నీళ్ల వరసకి కూడా మందే కొట్టాను. కళ్లెదుట తినేస్తుంటే ఉత్త నీళ్లెలా కొట్టమంటారు?"

నాకు ఒళ్లు మండిపోయింది. మరి మందెక్కడిదని నిలదీశాను. నేనిచ్చిన సీసాలోదేనట, వాసన లేకపోయినా ఉత్త నీళ్లకన్నా నయమనుకున్నాడట. ఒక వరసకని కొలిచిచ్చింది రెండింటికీ చెరిసగం సర్దాడట. అంటే సగం మోతాదుకే పురుగు పోయిందన్నమాట. పెద్దసారు కళ్లజోడు తుడుచుకుని, ఆ సగంతోనే మళ్లీ మొదలుపెట్టమన్నారు. ఇదే ఆఖరి అవకాశమనీ, ఈసారి తేడా చూపించి తీరాలనీ అన్నారు.

ఈసారి సీసా నా దగ్గరే పెట్టుకున్నాను. పెదనాన్న చేతికి ఉత్త నీళ్ల పంపే ఇచ్చాను. మూడోరోజు పొద్దున వెళ్లేసరికి, నీళ్ల వరసలో చతికిలబడి ఒక్కో ఆకూ ఎత్తి చేత్తో పురుగులేరుతున్నాడు.

"నీ మీదొట్టే తల్లీ, మందు చుక్క ముట్టలేదు" అన్నాడు, పురుగుల డబ్బా వెనక్కి దాచుకుంటూ.