మామగారు తట్టిన గేరు

దెయ్యాల సంగతులు చెప్పేవాళ్ళని చూస్తే నాకు మొదట్నుంచీ నవ్వే. ప్రత్తిపాడులో మాకు పురుగుమందుల కొట్టుంది. సాయంత్రం రైతులు బల్ల మీద చేరి, ఫలానావాళ్ళ చేలో రాత్రిళ్ళు ఎవరో నీళ్ళు కడుతున్న చప్పుడవుతోందనీ, వెళ్ళి చూస్తే మనిషి లేడనీ చెబుతుంటే, "ఆయనెవరో మా చేలోకి కూడా పంపండయ్యా, కూలీలు దొరక్క చస్తున్నాం" అనేవాణ్ణి.

పైగా మేం చర్చికి వెళ్ళే కుటుంబం. పోయినవాళ్ళు ప్రభువు దగ్గర విశ్రాంతిగా ఉంటారు, రోడ్ల మీద తిరగరు. ఇప్పటికీ నా నమ్మకం అదే. అయినా ఇది రాస్తున్నానంటే, జరిగింది పట్టపగలు కాబట్టే. నా పక్కన మా ఆవిడ సుగుణ కూడా ఉంది.

ముందు మా మామగారి గురించి చెప్పాలి. పేరు దానయ్య. చీమకుర్తిలో గ్రానైట్ లారీ తోలేవారు. వయసంతా ఆ క్వారీ దారుల్లో ఎక్కుతూ దిగుతూనే గడిచింది. దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టేవాణ్ణి ఆయన డ్రైవరు కింద లెక్కేసేవారు కాదు. గేరు తగ్గిస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుందనీ, బ్రేకుని ఆఖర్న ఆగడానికి దాచుకోవాలనీ క్లీనర్లకి చెప్పేవారట. వినకపోతే తిట్లు గట్టిగానే పడేవట.

నన్ను మాత్రం తిట్టలేరు. అల్లుణ్ణి కదా. మా వైపు మామగారు అల్లుడికి తప్పు చెప్పడమనేది ఉండదు. నేనేమో పూర్తిగా బ్రేకు మీదే బండి నడిపే రకం. అందుకని ఆయన ఒక దారి కనిపెట్టారు. అప్పటి పాత కారులో నా పక్కన కూర్చున్నప్పుడు ఏ కాలవ వంతెనో దిగుతుంటే, చూపుడువేలు మడిచి గేరు రాడ్డు మీద రెండుసార్లు తట్టేవారు. టక్ టక్. మొహం మాత్రం కిటికీ వైపు తిప్పేసుకునేవారు, తనకేం సంబంధం లేనట్టు. నాకు ఒళ్ళు మండేది, గేరు మాత్రం తగ్గించేవాణ్ణి. వెనక సీట్లో సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే తంతు.

ఈలోగా నాకు ఎడమ మోకాలి నొప్పి పట్టుకుంది. క్లచ్ తొక్కడం మానెయ్యమనీ, ఆటోమేటిక్ కారు ఏదైనా చూసుకోమనీ డాక్టరు చెప్పాడు. చూసుకున్నాను. ఎర్రటి స్పోర్ట్స్ కారు, సెకండ్ హ్యాండ్‌ది, రెండే తలుపులు. నేలకి ఆనుకున్నట్టుంటుంది, అందులోకి ఎక్కడం ఉండదు, దిగడమే. "డాక్టరు క్లచ్ వద్దన్నాడు సరే, ఎర్ర కారని చీటీలో రాసిచ్చాడా?" అంది సుగుణ. పురుగుమందుల కొట్టాయనకి రేసు కారు పిచ్చి పట్టిందని ఊరంతా కొన్నాళ్ళు అదే కబురు. నాకేం బాధ లేదు. చిన్నప్పటి కోరిక అది. ఇప్పటికీ పొద్దున్నే షెడ్డు తలుపు తీసి దాన్ని చూస్తే ప్రాణం హాయిగా ఉంటుంది.

మామగారు ఆ కారులో ఒక్కసారే కూర్చున్నారు, వేటపాలెంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు. క్లచ్ లేదని చూసి ఆశ్చర్యపోయారు. గేర్లు వాటంతటవే పడతాయని చెప్పాను. రాడ్డు పక్కన ప్లస్, మైనస్ గుర్తులుంటే, "ఇయ్యేందండీ అల్లుడుగారూ?" అని అడిగారు. "అవి రేసులాడేవాళ్ళకి లెండి, మనకక్కర్లేదు" అన్నాను. నిజానికి అవెందుకో నాకూ తెలియదు. ఆయన చాలాసేపు వాటి వంకే చూశారు. దారిలో ఒక వంతెన దిగుతుంటే అలవాటు కొద్దీ టక్ టక్‌మని తట్టారు. తగ్గించడానికి గేరేదీ, నేను నవ్వేశాను. ఆయనా నవ్వారు.

ఆ తర్వాత వర్షాలప్పుడు ఆయన పోయారు. నిద్రలోనే. మేం చీమకుర్తి చేరేసరికి అంతా అయిపోయింది. సుగుణకి నాన్నతో ఆఖరి మాట దక్కలేదు. ఆ మాట అనుకుని అనుకుని మనిషి చిక్కిపోయింది. చర్చికి తప్ప గడప దాటడం మానేసింది. నన్ను ఎగతాళి చెయ్యడం కూడా మానేసింది, నాకు అదే ఎక్కువ దిగులనిపించింది. ఆ మనిషి మళ్ళీ నవ్వితే చాలు దేవుడా అనుకునేవాణ్ణి.

మిరపకోతలప్పుడు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, బతిమాలి బతిమాలి కొండవీడు కొండ మీదికి బయల్దేరదీశాను. కోడికూర, గారెలు క్యారియర్లో పెట్టింది. పైన గాలి బాగుంది. కింద చూస్తే పత్తి చేలు, మిరప చేలు, మధ్యమధ్య మిరపకాయలు ఆరబోసిన కళ్ళాలు ఎర్రెర్రగా కనిపిస్తున్నాయి. "నీ కారు రంగే" అంది. మాట్లాడింది, అదే పదివేలనుకున్నాను.

మధ్యాహ్నం దిగడం మొదలుపెట్టాం. సుగుణ ఒక చేత్తో తలుపు పిడి పట్టుకుని, రెండో చేత్తో ఫోనులో వాళ్ళ చెల్లెలికి పంపడానికి మలుపులు వీడియో తీస్తోంది. క్యారియరు ఆమె కాళ్ళ దగ్గరుంది. నేను ఎప్పటిలాగే బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగుతున్నాను. సగం దారి దాటాక కమురు వాసన వచ్చింది. ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకున్నాను.

తర్వాతి మలుపు దగ్గర బ్రేకు మెత్తగా దిగిపోయింది. మళ్ళీ తొక్కాను. ఇంకా కిందికి పోయింది, బండి వేగం మాత్రం తగ్గలేదు. మలుపు ఎలాగో తిప్పాను. ఎదురుగా తిన్నని దిగుడు, దాని చివర ఇంకో మలుపు, ఆ కింద రోడ్డు వారనే ఒక కళ్ళం. పట్టా మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగు మారిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళ తలగుడ్డలు కూడా కనిపిస్తున్నాయి నాకు. సుగుణ ఫోను ఒళ్ళో పడేసి, తలుపు పిడిని రెండు చేతులతో పట్టుకుంది. నా రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. ఇది ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలను.

అప్పుడు వినిపించింది. టక్ టక్. గేరు రాడ్డు మీద.

వెంటనే ఇంజను ఒక్కసారి గట్టిగా అరిచింది. బరువు బండిని ఎద్దు కాళ్ళు తన్నిపెట్టి ఆపుతున్నట్టు కారు వెనక్కి పట్టింది. ముందున్న తెర మీద ఎప్పుడూ ఉండే డి అనే అక్షరం పోయి, చేత్తో గేరు మార్చుకునేటప్పుడు పడే ఎం వచ్చింది, పక్కన మూడు. అది చూస్తుండగానే ఇంజను మళ్ళీ అరిచింది, మూడు పోయి రెండు పడింది. మా ఇద్దరి ఒళ్ళూ ముందుకి తూలాయి. ఆ మలుపు నేను సైకిలు మీద తిరిగినంత నింపాదిగా తిరిగాను. కొండ దిగి, కళ్ళం దాటి, చదును మీద కారు దానంతటదే మెల్లబడింది. హ్యాండ్ బ్రేకు లాగి ఆపాను.

తాలుకాయలు ఏరుతున్న ఒక పెద్దావిడ చేతులు దులుపుకుంటూ లేచి వచ్చింది. "ఏందయ్యా, చక్రాల్లోంచి పొగొస్తంది, చూసుకోవా? లోన ఆడమనిషిని పెట్టుకొని" అని కేకలేసింది. తర్వాత ఆవిడే చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

గేరు తగ్గించింది సుగుణేనేమో అని నేను, నేనేనని తనూ అనుకున్నాం. రాడ్డు మాత్రం డి దగ్గర లేదు, పక్కకి, ప్లస్సూ మైనస్సూ ఉన్న గాడిలో ఉంది. నేను దాన్ని ఎప్పుడూ అటు తోసిన పాపాన పోలేదు. సుగుణకి అసలు డ్రైవింగే రాదు.

"నాన్న తట్టాడండి" అంది చివరికి.

సుగుణ భోరున ఏడ్చింది. నాన్న పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఏడుస్తూ ఏడుస్తూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "చూశారా, ప్రాణం మీదికొచ్చినా సరే, అల్లుణ్ణి ఒక్క మాట అనలేదు మా నాన్న" అంది. నాకూ నవ్వు ఆగలేదు. నీళ్ళు తెచ్చిన పెద్దావిడ మాకు పిచ్చి పట్టిందనుకుని ఉంటుంది.

గుంటూరులో మెకానిక్‌కి చూపించాను. ఎడతెగకుండా తొక్కడంతో బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేశాయన్నాడు. దిగుడులో ఇలాంటి కార్లు ఒక్కోసారి వాటంతటవే గేరు తగ్గిస్తాయి కూడానట. మరి రాడ్డు పక్కకి ఎలా వెళ్ళిందని అడిగితే, "కంగారులో మీరే తోసుంటారు సార్" అన్నాడు. కావచ్చు. మామగారు అడిగిన ఆ ప్లస్సూ మైనస్సూ నా బుర్రలో ఎక్కడో మిగిలి ఉన్నాయేమో. కానీ ఒక్క చేత్తో ఆ మలుపు తిప్పేంత పనితనం నాకు లేదు, అది మాత్రం నాకు బాగా తెలుసు.

సుగుణ ఒళ్ళో పడిన ఫోను రికార్డవుతూనే ఉంది. బొమ్మంతా నలుపే, చప్పుడు మాత్రం ఉంది. ఇంజను అరుపుకి ముందు టక్ టక్ అని వినిపిస్తుంది. క్యారియరు మూత కొట్టుకుందంటాడు మా అబ్బాయి. సుగుణ చెల్లెలు మాత్రం విన్నాక ఫోను పెట్టేసింది. పాస్టరుగారికి మేం చెప్పలేదు. ఇది చదివితే ఏమంటారో చూడాలి.

మెకానిక్ నాకు ఆ మైనస్ వాడడం నేర్పాడు. ఇప్పుడు ఏ వంతెన దిగినా బ్రేకు జోలికి పోకుండా మూడు, రెండు అని తగ్గించుకుంటూ దిగుతాను. సుగుణ ప్రతి ఆదివారం ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళమంటుంది. నన్ను మళ్ళీ ఎగతాళి చేస్తోంది, ఇల్లు ఇల్లులా ఉంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. దిగుడు వచ్చినప్పుడల్లా గేరు తగ్గించే ముందు నేను కాస్త ఆగుతాను, వినిపిస్తుందేమోనని. ఆ రోజు ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. మళ్ళీ ఎప్పుడూ వినిపించలేదు. మొన్న సాగర్ కాలవ వంతెన మీద అలాగే ఆగితే, సుగుణ కనిపెట్టేసింది.

"పోనివ్వండి" అంది. "నేర్చుకున్నారుగా. ఇంకెందుకు తడతాడు?"