తోమిన అమ్మవారు

ఆ ముసలి పూజారికి దేన్ని ముట్టుకున్నా వేళ్లు వాసన చూసుకునే అలవాటు.

బస్తర్ సంస్థానం రోజుల్లో నేను జగదల్‌పూర్‌లో కొత్తగా పెట్టిన ప్రదర్శనశాలలో పనిచేసేవాణ్ని. మా దొర కోంటా వైపు పల్లె నుంచి ఒక ఇత్తడి అమ్మవారిని తెచ్చి అద్దాల బీరువాలో నిలబెట్టాడు. అడిగే తెచ్చానన్నాడు. దొర అడిగితే కాదనేదెవరు?

ఆ ఏడు కొత్తల పండుగకు ఆ ఊరి పూజారి కొత్త బియ్యం మూటతో అంత దూరం నడిచొచ్చాడు. ఆమెకు పెట్టందే ఊళ్లో ఎవరూ కొత్త గింజ తినరట. నేను బీరువా తెరిచాను. ఆయన అమ్మవారి మొహం నిమిరి వేళ్లు వాసన చూసుకున్నాడు. తరాలనాటి పసుపు, నూనె, పొగ.

"ఉన్నది," అన్నాడు తృప్తిగా.

మరుసటేడు పెద్దలెవరో చూడవస్తున్నారని, వస్తువులన్నీ మెరవాలని దొర హుకుం. చింతపండు పెట్టి నేనే తోమాను. అమ్మవారు తళతళలాడింది. పూజారి సంతోషిస్తాడని కూడా అనుకున్నాను, బుద్ధిలేనివాణ్ని.

వారానికి ఆయన మళ్లీ కొత్త బియ్యం మూటతో వచ్చాడు. నిమిరాడు. వాసన చూసుకున్నాడు. మళ్లీ నిమిరాడు.

"ఏందయ్యా ఇది? ఎవలు తోమిండ్రు?"

"నేనే, తాతా."

ఆయన కోప్పడలేదు. "తల్లి ఇందుల లేదు. తోమిన నీళ్లు ఏడ వోసినవ్?"

పెరట్లో మురికి కాలువ చూపించాను. ఆయన దాని పక్కనే గొంతుక్కూర్చుని మూట విప్పాడు. కొత్త బియ్యం గుప్పెడు ఆ నీళ్లలో వేసి, వేళ్లు ముంచి, వాసన చూసుకున్నాడు.